బిందెకు చెంబు తక్కువ

కనిగిరి ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు,
రాత్రి పదకొండూ ఇరవై.
ఒంగోలు ట్రైనింగులో ఇచ్చిన అట్టముక్క నా చేతిలో.
సున్నా దగ్గర నవ్వే మొహం,
పది దగ్గర ఏడ్చే మొహం,
మధ్యలో ఎటూ తేలని నలుగురు.

"మాలకొండమ్మా, నొప్పి పదికి ఎంతుంది?"

వెలిగండ్ల వైపు మనిషి.
నడుం వంగిన చోటే గట్టిపడిపోయింది.
పడుకోలేక మంచం అంచున కూచునే ఉంది.
నా మొహం చూడాలంటే మెడ తిప్పితే చాలదు,
ఒళ్లంతా ఎత్తాలి.
ఎత్తలేదు. నా చెప్పులతోనే మాట్లాడింది.
"నాకు లెక్కలు రావు పాపా.
బిందెడుంది."

కాగితం మీద ఎనిమిదని రాసి పక్క మంచానికి పోయాను.
ముప్పైరెండు మంచాలు, నేనొక్కదాన్ని,
సెలైన్లు అయిపోయే వేళ.
రాసిన ఎనిమిది నా వెనకాలే నడిచొచ్చింది.
బిందెడంటే ఎనిమిదని
ఎవరు చెప్పారు నాకు?

రెండింటికి మళ్లీ వెళ్లబోతూ
వాష్‌బేసిన్ దగ్గర ఆగాను.
రోజుకు అరవైసార్లు కడిగే చేతులే.
కడిగేటప్పుడు అవి నా దగ్గర ఉండవు,
తర్వాతి ఇంజెక్షన్ దగ్గరుంటాయి.
ఆ రాత్రి మాత్రం
కుళాయి నీళ్లు చల్లగా తగిలిందాకా,
సబ్బు వాసన ముక్కుకు తెలిసిందాకా,
ఒక్క ఊపిరి లోపలికి పోయి బయటికొచ్చిందాకా
అక్కడే ఉన్నాను.
పావు నిమిషం.
దానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

స్టూలు లాక్కుని కూచున్నాను. ఎత్తెక్కువైంది.
నేల మీద కూచున్నాను.
అప్పుడు కనపడింది నాకామె, ఆమెకు నేను.
"చిన్నపిల్లవే!" అంది.

ఊరి బోరింగు నీళ్లు ముప్పైయేళ్లు మోసిందట.
పొద్దున మూడు బిందెలు, మాపున మూడు.
ముందు పళ్ల మీద గార, తర్వాత మోకాళ్లు,
ఆ తర్వాత వెన్ను.
"దప్పిక తీర్చిన నీళ్లను ఎట్టా తిడతాం పాపా?
ఇన్నాళ్లు నేను మోశా.
ఇప్పుడు దించమంటన్నయ్, దించేదెట్టాగో తెలవటంలా."

డ్యూటీ డాక్టర్ని లేపాను.
కసిరాడు. వచ్చాడు. చూశాడు. మందు మార్చాడు.
నాలుగు దుప్పట్లు చుట్టి ఆమె ఒళ్లో పెట్టాను,
ముందుకు వాలడానికి.
చెయ్యి వెన్ను దాకా పోయి ఆగింది.
"ఇక్కడ పెట్టనా?"
"అడిగి ముట్టుకున్నోళ్లు నువ్వే," అంది,
నవ్విందో మూలిగిందో.

మందు పట్టేదాకా చెయ్యి తియ్యలేదు.
తగ్గిస్తానని అనలేదు. దేవుణ్ణి తలుచుకోమనలేదు.
మధ్యలో పదిహేడో మంచం గుర్తొచ్చింది,
నైట్ అలవెన్సు బాకీ గుర్తొచ్చింది,
చెయ్యి బరువెక్కింది కాబోలు, ఆమెకు తెలిసిపోయింది.
"నెత్తిన నిండు బిందె ఉన్నప్పుడు
ఇల్లు ఎంత దూరమని తలవగూడదు పాపా.
అడుగే తలవాల.
లేకపోతే తొణుకుద్ది."

నర్సింగు స్కూల్లో మూడున్నరేళ్లు చదివాను.
ఈ ముక్క ఏ నోట్సులోనూ రాసుకోలేదు.

ఆమె ఊపిరి వెంట నా ఊపిరి,
బోరింగు దారిన ఒకరి వెనక ఒకరు పోయినట్టు.
గోడ మీద బల్లి. దూరంగా కంభం రోడ్డు మీద లారీ.
పదిహేడో మంచం పిలిచింది.
చెప్పి లేచాను.

ఆరింటికి అడిగాను, ఇప్పుడెంత?
కళ్లు మూసుకుని కొలుచుకుంది.
"బిందెకు చెంబు తక్కువ."
అదే రాశాను, కొట్టివేతలు లేకుండా.
"ఇదేం రాత ఎస్తేరూ?" అంది హెడ్ సిస్టరు.
"పేషెంటు చెప్పిందే మేడమ్," అన్నాను.
కళ్లజోడు సర్దుకుని
మళ్లీ ఒకసారి చదివింది.

బస్టాండు దగ్గర ఓ కుర్రాడు
ఇరవై లీటర్ల క్యాన్లు దించుతున్నాడు.
వంగి, లేచి, వంగి.
నా బస్సు హారన్ కొడుతోంది.
నేనింకా వాడి నడుం చూస్తూనే ఉన్నాను.